పెడల్ అక్కడ, కాలు ఇక్కడ: గిటార్ ఎఫెక్ట్‌కు రిమోట్ స్విచ్ పెట్టడంలో అసలు చిక్కు

గిటార్ శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్ పెడల్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చెయ్యడం వినడానికి చిన్న పనే. లోపల ఒక స్విచ్ ఉంది. దానికి రెండు వైర్లు కలిపి, బయటికి లాగి, ఇంకో స్విచ్ తగిలిస్తే అయిపోవాలి. ఒక రకం పెడల్‌లో నిజంగానే అంతటితో అయిపోతుంది. ఇంకో రకంలో అదే పని చేస్తే టోన్ మసకబారుతుంది, స్పీకర్‌లో హమ్ మొదలవుతుంది, కొన్నిసార్లు ఏమీ జరగదు కూడా. పైనుంచి చూస్తే రెండు రకాలూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒక లోహపు డబ్బా, రెండు మూడు నాబ్‌లు, కాలితో నొక్కే బటన్. తేడా అంతా ఆ బటన్ కింద ఉంది.

అసలు దూరం నుంచి నొక్కాల్సిన అవసరం ఎవరికి వస్తుంది? పాడుతూ గిటార్ వాయించేవాళ్ళు స్టేజి మీద రెండు మైకుల మధ్య తిరుగుతుంటారు. పెడల్‌బోర్డ్ మాత్రం ఒక్కచోటే ఉంటుంది. కొందరు పెడల్స్ అన్నింటినీ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) పక్కన ర్యాక్‌లో పెట్టుకుని, కాళ్ళ దగ్గర బటన్లు మాత్రమే ఉంచుకోవాలనుకుంటారు. కాలు కదపలేని వాళ్ళకు చేతికి, మోచేతికి అందేలా స్విచ్ కావాలి. కారణం ఏదైనా, అందరూ మొదట చేసే ఆలోచన ఒకటే: పెడల్‌ను దగ్గరికి తెచ్చుకుని కేబుల్ పొడుగ్గా లాగేద్దాం.

దాంతో నష్టం ఎంతో లెక్క వేసి చూడవచ్చు. మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (ఛార్జిని దాచుకునే గుణం) ఉంటుంది. గిటార్ తీగల కదలికను పట్టే పికప్ అంటే వేల చుట్ల సన్నని రాగి తీగ. దాని ఇండక్టెన్స్ (కరెంట్ మార్పును అడ్డుకునే గుణం) 3 హెన్రీలు అనుకుందాం. ఈ రెండూ కలిసి ఒక రెజొనెన్స్, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం పైకి లేచే శిఖరం, ఏర్పడుతుంది. గిటార్ శబ్దంలో ఆ మెరుపు ఎక్కడ ఉండాలో, దానిపైన ఎంత కోసుకుపోవాలో అదే నిర్ణయిస్తుంది. 6 మీటర్ల కేబుల్‌తో ఆ శిఖరం సుమారు 3,750 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కేబుల్ మొత్తం 20 మీటర్లకు పెరిగితే 2,050 హెర్ట్జ్ దగ్గరికి జారిపోతుంది. చెవికి ఇది వాల్యూమ్ తగ్గినట్టు అనిపించదు, గిటార్ మీద దుప్పటి కప్పినట్టు అనిపిస్తుంది. వరసలో మొదట ఒక బఫర్ (సిగ్నల్‌ను బలంగా ముందుకు నెట్టే చిన్న సర్క్యూట్) ఉంటే ఈ బాధ దాదాపు పోతుంది. లేకపోతే మాత్రం గిటార్ సిగ్నల్ తిరిగే దారిని వీలైనంత పొట్టిగా ఉంచాలి. దూరం వెళ్ళాల్సింది సిగ్నల్ కాదు, ఆన్ చెయ్యి, ఆఫ్ చెయ్యి అనే ఆజ్ఞ.

అందుకే పెడల్ విప్పగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ స్విచ్ గుండా ధ్వని వెళ్తోందా, ఆజ్ఞ మాత్రమే వెళ్తోందా?

బాస్, ఐబనీజ్ కంపెనీల పెడల్స్‌లో ఆజ్ఞ మాత్రమే వెళ్తుంది. బాస్ తన తొలి కాంపాక్ట్ పెడల్స్‌ను 1977లో తెచ్చింది. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన నారింజ రంగు డీఎస్-1 డిస్టార్షన్ ఇప్పటికీ తయారవుతోంది. దాని పెద్ద రేకు మూత కింద ఉండేది చిన్న బటన్ స్విచ్, అంతే. నొక్కినంతసేపే కలుస్తుంది, వదలగానే విడిపోతుంది. దీన్ని మొమెంటరీ స్విచ్ అంటారు. గిటార్ సిగ్నల్ దాని దరిదాపులకు కూడా రాదు. నొక్కిన ప్రతిసారీ రెండు ట్రాన్సిస్టర్ల ఫ్లిప్-ఫ్లాప్ సర్క్యూట్‌కు ఒక తాపు తగులుతుంది. రెండింటిలో ఒకటి ఆన్‌లో ఉంటే రెండోది ఆఫ్‌లో ఉంటుంది. తాపు తగిలితే తారుమారవుతాయి, మళ్ళీ తగిలేదాకా అలాగే ఉండిపోతాయి. ఆ రెండు ట్రాన్సిస్టర్ల నుంచి వచ్చే వోల్టేజీ జేఫెట్‌లనే మరో రకం ట్రాన్సిస్టర్ల గేట్లకు వెళ్తుంది. ఒక జేఫెట్ ఎఫెక్ట్ దారిని తెరుస్తుంది, ఇంకొకటి నేరుగా వెళ్ళే దారిని మూస్తుంది. గేటుకు ముందు పెద్ద రెసిస్టర్, చిన్న కెపాసిటర్ ఉండటం వల్ల ఈ తెరవడం, మూయడం ఒక్కసారిగా కాకుండా కాస్త నెమ్మదిగా జరుగుతుంది. బాస్ పెడల్ నొక్కితే స్పీకర్‌లో టప్‌మని వినిపించకపోవడానికి కారణం అదే. ట్రూ బైపాస్ (ఎఫెక్ట్ ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ సర్క్యూట్‌ను తాకకుండా నేరుగా పోయే పద్ధతి) అభిమానులు ఈ డిజైన్‌ను చిన్నచూపు చూస్తారు గానీ, రిమోట్ స్విచ్ కోణంలో చూస్తే ఇంతకంటే మర్యాదస్తమైన సర్క్యూట్ ఇంకోటి లేదు.

ఇలాంటి పెడల్‌కు రిమోట్ పెట్టడం అంటే లోపలి బటన్‌కు సమాంతరంగా ఇంకో బటన్ కలపడమే. ముందు మల్టీమీటర్ తీసుకోండి. పెడల్‌కు 9 వోల్టుల పవర్ ఇచ్చి, మీటర్ నల్ల ప్రోబ్‌ను ఔట్‌పుట్ జాక్ గ్రౌండ్ (సున్నా వోల్టుల వైపు) మీద ఉంచి, స్విచ్ కాళ్ళను (పిన్లను) ఒక్కొక్కటే ముట్టుకోండి. సాధారణంగా ఒక కాలు దగ్గర సున్నా, ఇంకో కాలు దగ్గర ఎంతో కొంత వోల్టేజీ కనిపిస్తుంది. బటన్ నొక్కితే రెండోది కూడా సున్నాకు పడాలి. అలా పడితే పని సులువు. డబ్బా పక్కన ఖాళీ చూసి ఒక జాక్ బిగించి, వోల్టేజీ ఉన్న కాలును జాక్ టిప్‌కు (ప్లగ్ మొనకు తగిలే కాంటాక్ట్), గ్రౌండ్‌ను స్లీవ్‌కు (ప్లగ్ వెనక గొట్టానికి తగిలేది) సోల్డర్ చెయ్యాలి. 3.5 ఎంఎం జాక్‌కు సుమారు 6 ఎంఎం రంధ్రం చాలు, పెద్ద గిటార్ జాక్‌కైతే 9.5 ఎంఎం కావాలి. బాస్ డబ్బాలో చోటు చాలా తక్కువ కాబట్టి చిన్న జాకే మేలు. ఇంకో లాభం కూడా ఉంది: గిటార్ కేబుల్‌ను పొరపాటున దాన్లో దూర్చే అవకాశం ఉండదు. డ్రిల్ చేసేముందు సర్క్యూట్ బోర్డ్‌ను బయటికి తియ్యండి. అల్యూమినియం రజను బోర్డ్ మీద పడితే ఏ రెండు కాళ్ళ మధ్య ఇరుక్కుంటుందో చెప్పలేం.

ఇంతవరకూ చేసినవాళ్ళు తరచుగా తికమకపడేది తర్వాతి అడుగులో. బయట తగిలించే స్విచ్‌గా ఆంప్ ఛానల్ మార్చే ఫుట్‌స్విచ్‌ను తెచ్చి పెడతారు. అది చాలావరకు లాచింగ్ రకం. ఒకసారి నొక్కితే కలిసే ఉంటుంది, మళ్ళీ నొక్కితే విడిపోతుంది. ఫ్లిప్-ఫ్లాప్ స్పందించేది స్విచ్ కలిసిన క్షణానికి మాత్రమే, విడిపోవడానికి కాదు. కాబట్టి మొదటి నొక్కుకు ఎఫెక్ట్ ఆన్ అవుతుంది, రెండో నొక్కుకు ఏమీ కాదు, మూడో నొక్కుకు ఆఫ్ అవుతుంది. దీనికంటే విచిత్రం ఇంకోటి: బయటి స్విచ్ కలిసిన స్థితిలో ఉండిపోతే పెడల్ మీది సొంత బటన్ చచ్చుబడుతుంది. ఎందుకంటే ఆ పాయింట్ అప్పటికే గ్రౌండ్‌లో ఉంది, మళ్ళీ గ్రౌండ్ చెయ్యడానికి మిగిలిందేమీ లేదు. పెడల్ పాడైందని రిపేరుకు పట్టుకెళ్ళేముందు రిమోట్ ప్లగ్ పీకి చూడాలి. బాస్ అమ్మే ఫుట్‌స్విచ్‌లలోనే ఎఫ్ఎస్-5యూ మొమెంటరీ, ఎఫ్ఎస్-5ఎల్ లాచింగ్. రెండూ ఒకే ఆకారంలో ఉంటాయి, చివరి అక్షరం చూసి కొనాలి.

పొడవైన వైర్ ఇంకో సమస్యను తెస్తుంది. స్విచ్ పాయింట్ హై ఇంపీడెన్స్‌లో, అంటే అతి కొద్ది కరెంట్‌కే కదిలిపోయే స్థితిలో, ఉంటుంది కాబట్టి, దానికి కట్టిన పది మీటర్ల వైర్ యాంటెన్నాగా పనిచేస్తుంది. లైట్ల డిమ్మర్ నుంచి వచ్చిన చిన్న స్పైక్ కూడా ఒక నొక్కులా కనిపించి, పాట మధ్యలో డిస్టార్షన్ తనంతట తానే ఆన్ కావచ్చు. షీల్డ్ ఉన్న కేబుల్ వాడితే సగం తగ్గుతుంది. జాక్ దగ్గరే టిప్‌కు వరసలో 100 ఓమ్‌ల రెసిస్టర్, గ్రౌండ్‌కు 10 నానోఫారడ్ల కెపాసిటర్ పెడితే మిగిలిందీ చాలావరకు తగ్గుతుంది. బయటి స్విచ్ బదులు కంట్రోలర్ డబ్బా వాడి, దానికి వేరే పవర్ సప్లై ఉంటే మాత్రం అసలు వైర్‌ను పెడల్ గ్రౌండ్‌తో కలపకపోవడమే మంచిది. రెండు గ్రౌండ్‌లు రెండు దారుల్లో కలిస్తే ఆ చక్రంలో కరెంట్ తిరిగి 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది.

అక్కడ ఆప్టోకప్లర్ పనికొస్తుంది. ఒక చిన్న చిప్‌లో ఒకవైపు ఎల్ఈడీ, ఇంకోవైపు కాంతికి స్పందించే ట్రాన్సిస్టర్ ఉంటాయి. మధ్యలో కరెంట్ దారి లేదు, వెలుతురే దారి. పీసీ817 అన్నిచోట్లా దొరికే రకం. మొబైల్ ఛార్జర్లు, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) బోర్డుల్లో కోకొల్లలుగా ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చాలు. దాని నాలుగో కాలు, అంటే కలెక్టర్, స్విచ్‌లో వోల్టేజీ ఉన్న వైపుకు. మూడో కాలు, ఎమిటర్, గ్రౌండ్ వైపుకు. ఒకటి, రెండు కాళ్ళు బయటి జాక్‌కు. కంట్రోలర్ 5 వోల్టులు ఇస్తుంటే వరసలో 470 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఎల్ఈడీలో సుమారు 8 మిల్లీయాంపియర్లు పారుతుంది. ట్రాన్సిస్టర్ గట్టిగా కలవడానికి అది పుష్కలం. చిప్‌ను తిరగేసి పెడితే పనిచెయ్యదు, కాబట్టి ముందు మీటర్‌తో ఏ కాలు ఏమిటో తేల్చుకోవాలి. నేనైతే దూరం నాలుగైదు మీటర్లు దాటితే రెసిస్టర్-కెపాసిటర్ జోలికి వెళ్ళకుండా నేరుగా ఆప్టోకప్లరే పెడతాను.

ఇక అసలు చిక్కుకు వద్దాం. ఫ్లిప్-ఫ్లాప్‌కు తెలిసిన మాట ఒక్కటే: మారు. ఆన్‌లో ఉండు, ఆఫ్‌లో ఉండు అనే మాటలు దానికి తెలియవు. పెడల్ కళ్ళ ముందుంటే దాని ఎర్రలైటు చూసి సర్దుకుంటాం. పెడల్ కనబడనంత దూరంలో ఉంటే, ఒక్క నొక్కు తప్పిపోయినా అక్కడినుంచి అంతా తలకిందులవుతుంది. రిమోట్ ఆన్ అనుకుంటుంది, పెడల్ ఆఫ్‌లో ఉంటుంది. మన పల్లెల్లో పొలం మోటార్లకు మొబైల్ స్టార్టర్లు పెట్టుకున్న రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. ఇంట్లోంచి ఫోన్ చేసి మోటార్ వెయ్యడం ఒక ఎత్తు, అది నిజంగా తిరుగుతోందా అని తిరిగి కబురు రావడం ఇంకో ఎత్తు. ఆ రెండోది లేకపోతే చేను దాకా నడవాల్సిందే.

పెడల్‌లో తిరిగి కబురు తెప్పించడానికి ఎల్ఈడీనే వాడుకోవచ్చు. ఎల్ఈడీ కాథోడ్ (నెగటివ్ కాలు) గ్రౌండ్‌కు వెళ్ళే పెడల్స్‌లో ఆ దారిని తెంచి, రిమోట్ డబ్బాలోని రెండో ఎల్ఈడీ గుండా తిప్పితే రెండూ కలిసి వెలుగుతాయి. రెండు ఎల్ఈడీలను సమాంతరంగా పెట్టకూడదు. తక్కువ వోల్టేజీకి వెలిగేది కరెంట్ అంతా లాగేసుకుంటుంది, రెండోది మినుకుమినుకుమంటుంది. వరసలో పెడితే ఇద్దరికీ ఒకే కరెంట్. దీనికి మూడు కాంటాక్ట్‌ల స్టీరియో జాక్ చాలు: టిప్ స్విచ్‌కు, రింగ్ ఎల్ఈడీకి, స్లీవ్ గ్రౌండ్‌కు. ప్లగ్ లేనప్పుడు రింగ్‌ను గ్రౌండ్‌కు కలిపే స్విచ్‌డ్ జాక్ తీసుకోండి, లేకపోతే రిమోట్ పీకగానే పెడల్ లైటు కూడా ఆరిపోతుంది. మోనో ప్లగ్ పెట్టినా ఇబ్బంది లేదు. దాని పొడవాటి స్లీవ్ రింగ్‌ను గ్రౌండ్ చేసేస్తుంది, పెడల్ లైటు మామూలుగానే వెలుగుతుంది.

కంట్రోలర్‌లో ఆర్డ్వినో లాంటి మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న కంప్యూటర్) ఉంటే ఇంకో అడుగు వెయ్యవచ్చు. పెడల్ ఎల్ఈడీతో వరసలో రెండో ఆప్టోకప్లర్ పెట్టి, పెడల్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ముందు చదివించాలి. ఆన్ కావాలి, ఇప్పటికే ఆన్‌లో ఉంది, అయితే ఏమీ చెయ్యకు. ఆఫ్‌లో ఉంటే స్విచ్‌ను 50 మిల్లీసెకన్లు కలిపి వదిలేసి, మళ్ళీ చదువు. ఇంతే ప్రోగ్రామ్. మారు అనే ఒక్క మాటే తెలిసిన పెడల్‌కు ఇలా బయటినుంచి ఉండు అనే మాట నేర్పినట్టవుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నింటికంటే నచ్చే భాగం ఇదే.

రెండో రకం పెడల్స్ సంగతి వేరు. ట్రూ బైపాస్ పెడల్ విప్పితే తొమ్మిది కాళ్ళ లాచింగ్ స్విచ్ కనిపిస్తుంది. త్రీ-పీడీటీ అంటారు. మూడు స్విచ్‌లు ఒకే బటన్‌కు కట్టి ఉంటాయి. ఒకటి ఇన్‌పుట్‌ను, ఒకటి ఔట్‌పుట్‌ను మళ్ళిస్తుంది, మూడోది ఎల్ఈడీని వెలిగిస్తుంది. ఇక్కడ గిటార్ సిగ్నల్ స్వయంగా స్విచ్ గుండానే వెళ్తుంది. ఈ కాళ్ళ నుంచి వైర్లు బయటికి లాగితే మళ్ళీ మొదటి సమస్య దగ్గరికే వస్తాం: పొడవైన కేబుల్‌లో హై ఇంపీడెన్స్ సిగ్నల్, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. పైగా ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే బలం) ఉన్న పెడల్‌లో ఇన్‌పుట్, ఔట్‌పుట్ వైర్లు పక్కపక్కనే పరిగెడితే కీచుమని ఫీడ్‌బ్యాక్ కూడా వస్తుంది.

ఇక్కడ స్విచ్‌ను పీకి దాని స్థానంలో రిలే పెట్టాలి. రిలే అంటే కరెంట్‌తో కదిలే స్విచ్. సిగ్నల్ పెడల్ లోపలే ఉంటుంది, రిలే కాయిల్‌కు వెళ్ళే రెండు వైర్లే బయటికొస్తాయి. ఆడియోకు సిగ్నల్ రిలే వాడాలి, ఇన్వర్టర్లలో ఉండే పవర్ రిలే కాదు. పవర్ రిలే కాంటాక్ట్‌లు గిటార్ లాంటి అతి చిన్న సిగ్నల్స్ కోసం చేసినవి కావు. పానసోనిక్ టీక్యూ2-5వీ లాంటివి రెండు పోల్స్‌తో (లోపల రెండు స్విచ్‌లతో) గోరంత సైజులో దొరుకుతాయి. సమస్య కరెంట్‌తో. ఆ రిలే కాయిల్ ఆన్‌లో ఉన్నంతసేపూ 5 వోల్టుల దగ్గర సుమారు 28 మిల్లీయాంపియర్లు తాగుతుంది. అడాప్టర్ మీద నడిచే పెడల్‌కు అదేం లెక్క కాదు గానీ, బ్యాటరీ పెడల్‌కు అది పెద్ద భారమే. లాచింగ్ రిలేకు కదిలేటప్పుడు కొద్ది మిల్లీసెకన్ల తాపు చాలు, ఆ తర్వాత కరెంట్ అక్కర్లేదు. కాకపోతే దాన్ని నడపడానికి మైక్రోకంట్రోలర్ లాంటిది కావాలి, పవర్ పోయి వచ్చినప్పుడు అది ఏ స్థితిలో ఉందో కూడా మనమే చూసుకోవాలి. ఏ రిలే అయినా కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4148 లాంటి డయోడ్ మర్చిపోకూడదు. కాయిల్ ఆపిన క్షణంలో వచ్చే ఎదురు వోల్టేజీ దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌ను కాల్చేయగలదు.

రిలే పెట్టాక టప్‌మనే శబ్దం వస్తే రిలేను తిట్టకండి. ఎఫెక్ట్ ఇన్‌పుట్ దగ్గర ఉన్న కెపాసిటర్ లీకై, గాల్లో వేలాడుతున్న కాలు మీద డీసీ పేరుకుంటుంది. కాంటాక్ట్ కలవగానే అది ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 లేదా 2.2 మెగా ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పేరుకునే అవకాశం ఉండదు. సీడీ4053 లాంటి సీమాస్ స్విచ్ చిప్‌తో రిలే లేకుండానే ఇదంతా చెయ్యవచ్చు, చవక కూడా. కానీ సిగ్నల్‌ను సగం సప్లై వోల్టేజీ దగ్గర నిలబెట్టే బయాస్ సర్క్యూట్ కలపాలి. పవర్ పోతే బైపాస్ కూడా పోతుంది, రిలేలో పవర్ పోతే గిటార్ నేరుగా ఆంప్‌కు వెళ్తుంది. స్టేజి మీద ఈ తేడా చిన్నది కాదు.

పెడల్స్ నాలుగైదు ఉంటే ఒక్కొక్కదాన్నీ ఇలా విప్పడం శుద్ధ దండగ. పెడల్స్‌ను ముట్టుకోకుండా, అన్నింటినీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి, ప్రతిదాని ముందూ వెనకా రిలేలున్న లూప్ స్విచర్ పెట్టడం తెలివైన పని. ఇంగ్లండ్‌లో పీట్ కోర్నిష్ 1970లలో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ లాంటి వాళ్ళకు పెడల్స్ అన్నింటినీ ఒకే పెద్ద బోర్డులో కలిపి ఇచ్చాడు. 1980లలో లాస్ ఏంజిలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా పెడల్స్‌ను, ర్యాక్ యూనిట్లను స్టేజి వెనక్కి నెట్టి, గిటారిస్టు కాళ్ళ దగ్గర బటన్లు మాత్రమే మిగిల్చాడు. టోటో బ్యాండ్ గిటారిస్టు స్టీవ్ లూకథర్ వాడిన పెద్ద ర్యాక్ ఆ పద్ధతిదే. ఇప్పుడు అదే పనిని బాస్ ఈఎస్-8 లాంటివి ఒక బోర్డు మీదే చేసేస్తున్నాయి. వింటేజ్ పెడల్ ఉన్నవాళ్ళకు ఇదొక్కటే నేను సిఫార్సు చేసే దారి. పాత జపాన్ తయారీ ఐబనీజ్ టీఎస్808 పెడల్‌కు రంధ్రం వేస్తే దాని మార్కెట్ విలువ కూడా అందులోంచే కారిపోతుంది.

పెద్ద సెటప్‌లలో ఈ ఆజ్ఞలు మిడి ద్వారా వెళ్తాయి. 1983లో కీబోర్డ్‌లను ఒకదానితో ఒకటి మాట్లాడించడానికి వచ్చిన ప్రమాణం అది. సెకనుకు 31,250 బిట్ల వేగం ఇప్పటి లెక్కలో నత్తనడకే, అయినా మూడు బైట్ల కంట్రోల్ చేంజ్ సందేశం 1 మిల్లీసెకన్‌లోపే చేరిపోతుంది. అందుకునే వైపు ఆప్టోకప్లర్ ఉండాలని ప్రమాణంలోనే ఉంది కాబట్టి గ్రౌండ్ లూప్ బెడద లేదు. స్విచ్ లాంటి కంట్రోళ్ళలో విలువ 64, ఆపైన అయితే ఆన్, 63, ఆలోపు అయితే ఆఫ్. మారు అనకుండా, ఇలా ఉండు అని చెప్తుంది. ఒక సందేశం దారిలో తప్పిపోయినా తర్వాతిది లెక్కను సరిచేస్తుంది.

కొన్ని పెడల్స్‌లో మాత్రం వేలు పెట్టకూడదు. లోపల వాక్యూమ్ ట్యూబ్ ఉండి నేరుగా 230 వోల్టుల మెయిన్స్ మీద నడిచేవి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ దాచుకుంటాయి. డిజిటల్ పెడల్స్‌లో బటన్ నేరుగా 3.3 వోల్టుల ప్రాసెసర్‌కు కట్టి ఉండవచ్చు. దానికి బయటినుంచి 9 వోల్టులు తగిలితే పెడల్ అక్కడితో సరి. వీటిలో చాలావాటికి కంపెనీయే వెనక ఒక కంట్రోల్ జాక్ ఇస్తోంది, డ్రిల్ తీసేముందు ఒకసారి తిప్పి చూడండి. ఆ జాక్‌లో ఫుట్‌స్విచ్ పెడితే అంతా తలకిందులుగా పనిచేస్తుంటే, అంటే నొక్కినప్పుడు కాకుండా వదిలినప్పుడు స్పందిస్తుంటే, పెడల్ ఎదురుచూసేది మామూలుగా కలిసి ఉండి నొక్కితే విడిపోయే స్విచ్ కోసం అన్నమాట. ఎఫ్ఎస్-5యూ మీద దీనికోసమే చిన్న పోలారిటీ స్విచ్ ఉంది. అటు జరిపితే సరిపోతుంది.